చీమ చిటుక్కుమన్నా

“చీమ చిటుక్కుమన్నా వినపడే చెవులమ్మా ఆయనవి. పక్క గదిలో పెళ్లాం పడిపోతే మాత్రం వినపడలేదట.”

ఈ మాట అన్నది తూకాలాయన భార్య తరఫు పిన్ని. పలకరించడానికి వచ్చి, పక్కావిడ చెవిలో చెబుతున్నట్టే చెప్పింది. కాని ఆవిడ చెవిలో చెప్పే మాట నాలుగిళ్ల అవతలికి వినిపిస్తుంది. వరండాలో కూర్చున్న తూకాలాయనకు వినిపించకుండా ఎలా ఉంటుంది? టీ చల్లారేదాకా గ్లాసు అలాగే పట్టుకుని కూర్చున్నాడు. అప్పటికి భార్య పోయి రెండు వారాలు కూడా కాలేదు. ఎనిమిది నెలలు గడిచినా ఆ మాట అన్నంలో రాయిలా పంటికింద తగులుతూనే ఉంది.

అందుకే ఆ ఆదివారం పొద్దున బావమరిదికి ఫోను చేశాడు. “ఓసారి రా. నీ ముందే పరీక్ష చేసి తేల్చేస్తాను. ఆ రోజు నాకు వినపడే వీలుందో లేదో నువ్వే చెప్పు,” అన్నాడు.

“ఎందుకు బావా ఇప్పుడవన్నీ,” అంటూనే బావమరిది వచ్చాడు. రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టరు ఉంటుంది. అక్క పోయాక ఆ గడప తొక్కడం అతనికీ కష్టంగానే ఉంది. ఆ ఇంట్లో నడిచేటప్పుడు మునివేళ్ల మీద నడవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఇప్పుడు ఆడుతున్న రికార్డు లేదు, కసిరే మనిషికి ఓపికా లేదు, అయినా మునివేళ్ల మీదే లోపలికి వచ్చాడు.

తూకాలాయన ఉద్యోగం త్రాసులు సరిచేయడం. కూరగాయల త్రాసులు కావు. మందుల ఫ్యాక్టరీల్లో, ల్యాబుల్లో అద్దాల పెట్టెలో కూర్చునే త్రాసులు. గిన్నె మీద వేలిముద్ర పడితే ఆ వేలిముద్ర బరువు కూడా చూపిస్తాయి. అలాంటి త్రాసును ఎవరూ చెక్కబల్ల మీద పెట్టరు. వీధిలో లారీ పోతే ముల్లు వణుకుతుందని, నేలతో సంబంధం లేకుండా బరువైన రాతిపలక మీద పెడతారు. ముప్పై ఏళ్లు ఆ పలకల ముందు ఊపిరి బిగబట్టి బతికిన మనిషి. మాట కూడా తూచి మాట్లాడతాడని ఆఫీసులో పేరు. ఇంట్లో ఆ పేరు రాలేదు. ఇంట్లో ఆయన తూచింది పక్కవాళ్ల అడుగులు.

ఎందుకంటే ఆయనకు రికార్డుల పిచ్చి. అందులోనూ వేణువు. వేణువు రికార్డుల్లో ఊపిరికీ ఊపిరికీ మధ్య నిశ్శబ్దం ఉంటుంది, అసలు సంగీతం అక్కడే ఉందంటాడు. ఆ నిశ్శబ్దంలోకే భార్య కుట్టుమిషను గడగడమంటూ వచ్చిపడేది. చెవికి కాదు, నేలలోంచి. కాలితో తొక్కే పాత ఇనుప మిషను. ఆవిడ తొక్కుతుంటే గచ్చు అదిరేది, గచ్చు అదిరితే రికార్డు మీద ముల్లు అదిరేది, ముల్లు అదిరితే ఆయన అదిరిపోయేవాడు. వీధి వీధంతా మిషనక్క అని పిలుచుకునే మనిషిని పట్టుకుని, “నీ మిషనే నా శత్రువు” అని నోరారా అన్నాడు. ఆ మిషను మీదే ఆవిడ సగం వీధికి స్కూలు బట్టలు కుట్టింది. అది ఆయనకు గుర్తు రాలేదు.

మొదట మిషను వెనక గదికి వెళ్లింది. ఎండాకాలం కుంపటి, వానాకాలం చెమ్మ, ఆ గది సంగతి అంతే. మిషనక్క పల్లెత్తు మాట అనలేదు. మిషను వెళ్లినా ముల్లు వణుకు పూర్తిగా పోలేదు. అప్పుడు మూతపడిన ల్యాబు నుంచి ఒక రాతిపలక తెప్పించాడు. నలుగురు మోసుకొచ్చారు. రెండు రబ్బరు బంతులు సగానికి కోసి, ఆ నాలుగు సగాలూ పలక కింద పెట్టి, దాని మీద రికార్డు ప్లేయరు పెట్టాడు. ఆ సాయంత్రం మిషను ఎంత తొక్కినా ముల్లు ఉలకలేదు, పలకలేదు. ఆయన ముఖం చూసి మిషనక్క నవ్వింది.

“నాకూ ఒక రాయి తెప్పించండి. దాని మీద కూర్చుంటే నన్ను కూడా ఇంత భద్రంగా చూసుకుంటారేమో,” అంది.

ఆయన నవ్వలేదు. నవ్వి ఉండాల్సిందని ఈ ఎనిమిది నెలల్లో చాలాసార్లు అనుకున్నాడు.

గెలిచిన మనిషి ఊరుకుంటాడా? పలక పని చేసింది కాబట్టి అన్నింటికీ అదే మందు అనుకున్నాడు. గోడకు బిగించిన అరమీద ఆంప్లిఫయరు ఉంటే, దాని కింద కూడా రబ్బరు ముక్కలు పెట్టి, పాట విచ్చుకుందని ప్రకటించాడు. బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు. “ముల్లుకు కుదుపు తగిలితే తగులుతుంది బావా, ఒప్పుకుంటాను. ఆంప్లిఫయరుకేం? కరెంటు తీగలోంచి పోతుందా, గతుకుల రోడ్డు మీద పోతుందా?” అన్నాడు. మాటా మాటా పెరిగింది. చివరికి పరీక్ష పెట్టారు. ఆయన గోడవైపు తిరిగి కూర్చుంటాడు. మిషనక్క పదిసార్లు తన ఇష్టప్రకారం రబ్బరు ముక్కలు తీయడమో పెట్టడమో చేస్తుంది. ఆయన విని చెప్పాలి.

ఆయన పదిసార్లూ తడుముకోకుండా చెప్పాడు. “ఇప్పుడుంది. ఇప్పుడు తీసేశావు. అబ్బ, ఎంత తేడా,” అంటూ పుస్తకంలో రాసుకున్నాడు. అంతా అయ్యాక మిషనక్క తన గుండీల డబ్బా మూత తీసి చూపించింది. రబ్బరు ముక్కలు మొదటినుంచీ అందులోనే ఉన్నాయి. పదిసార్లూ ఆవిడ ఊరికే అర దగ్గరికి వెళ్లి, గాజులు చప్పుడు చేసి వచ్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషికి నాలుగో కాలు చూపిస్తే ఎలా ఉంటుంది? మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఓటమి ఒప్పుకున్నాడు. ఆంప్లిఫయరు కింద మళ్లీ ఏమీ పెట్టలేదు.

ఆ ఇంట్లో ఇంకొక ఏర్పాటు ఉండేది. వెనక గదికీ పాటల గదికీ మధ్య ఒకే గోడ. చుట్టూ తిరిగి రావాలంటే వంటగది దాటుకుని రావాలి. పిలిస్తే పాటలో వినపడదు, వినపడినా కోపం. అందుకని మిషనక్క కత్తెర మొనతో గోడ మీద మూడు దెబ్బలు కొట్టేది. రండి అని అర్థం. అవతల అదే గోడకున్న అరమీద, ఆంప్లిఫయరు పక్కనే యాభై గ్రాముల ఇత్తడి తూకపురాయి ఒకటి ఉండేది. ఆయన దాంతో అరమీద రెండు దెబ్బలు కొట్టేవాడు. వస్తున్నా అని అర్థం. ఆయన నిఘంటువులో వస్తున్నా అంటే, రికార్డు ఈ వైపు అయిపోయాక చూద్దామని. మిషనక్కకు అది తెలుసు. తెలిసినా ఆ రెండు దెబ్బలు వినపడితే మళ్లీ కొట్టేది కాదు. అది ఆవిడ మర్యాద.

ఇక ఆ రోజు సంగతి. మధ్యాహ్నం నాలుగు గంటలప్పుడు, ఎక్కడా దొరకని వేణువు రికార్డు ఒకటి స్నేహితుడి దగ్గర ఎరువు తెచ్చి, ఆంప్లిఫయరు ద్వారా క్యాసెట్లోకి ఎక్కిస్తున్నాడు. ఎక్కించేటప్పుడు చెవులు పూర్తిగా మూసే పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాడు. పిడుగు పడ్డా వినపడదు. కళ్లు మూసుకుని విన్నాడు. ఒక వైపు అయిపోయింది. ముల్లు ఎత్తి, రికార్డు తుడిచి కవరులో పెట్టి, టీ ఏమైందో చూద్దామని లేచాడు. పొయ్యి వెలిగించి లేదు. వెనక గదిలో మిషనక్క స్టూలుకూ గోడకూ మధ్య నేల మీద పడి ఉంది. ముఖం కుడివైపు జారిపోయింది. కత్తెర ఎడమ చేతిలో ఉంది. ఆవిడ కళ్లు తెరిచే ఉన్నాయి. ఆయన్ను చూశాయి. ఆ చూపులో కోపం లేదు. ఏదో అడుగుతున్నట్టు ఉంది. నోరు కదిలింది గాని మాట రాలేదు. మూడో రోజు ఆస్పత్రిలో పోయింది. “ఇంకాస్త ముందు తీసుకొచ్చి ఉంటే...” అని డాక్టరు సగం మాట అని ఆపేశాడు. పూర్తిగా అన్నా బాగుండేది.

నాకేమీ వినపడలేదు అని ఆయన అందరికీ చెప్పాడు. అబద్ధం కాదు, మనస్ఫూర్తిగా నమ్మాడు. ఆ క్యాసెట్టు ఇంకా టేప్‌రికార్డర్లోనే ఉంది. ఎనిమిది నెలలుగా ఆయన ఆ గదిలో మీట నొక్కలేదు.

ఇప్పుడు మాత్రం అన్నీ సిద్ధం చేసి కూర్చున్నాడు. ఇనుప రాళ్లు యాభై కిలోలు పాత దుప్పట్లలో చుట్టి మూటకట్టాడు. “మనిషి పడితే మెత్తగా పడుతుంది కదా, అందుకని,” అని వివరించాడు. పుస్తకం తెరిచి తేదీ వేసి, మూడు గళ్లు గీశాడు.

“నేను రికార్డు పెట్టి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటాను. నువ్వు ఆ గదిలో స్టూలు ఎత్తునుంచి మూట వదిలెయ్. మూడుసార్లు. ఎప్పుడు వదిలావో నాకు చెప్పొద్దు. టైము రాసుకో.”

బావమరిది మూట ఎత్తుకుని వెళ్లాడు. ఇరవై నిమిషాలు పట్టింది. తిరిగి వచ్చేసరికి చెమటతో చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. ఆయన పుస్తకం చూపించాడు. మూడు గళ్లలోనూ ‘లేదు’ అనే ఉంది. ముల్లు మెదల్లేదు, చెవిలో ఏమీ పడలేదు. పలక తన పని తాను చేసింది.

“చూశావా,” అన్నాడు చిన్నపిల్లాడిలా. “చూశావా మరి. వినపడే దారే లేదు. ఈసారి మాత్రం గుండీల డబ్బా లేదు.”

“నేనెప్పుడైనా అన్నానా బావా వినపడిందని? ఎవరో నోటికొచ్చింది వాగితే నువ్వు పట్టుకుని కూర్చున్నావు. నీ తప్పేం లేదు. ఇంక వదిలెయ్,” అన్నాడు బావమరిది, కళ్లు తుడుచుకుంటూ.

ఎనిమిది నెలల్లో మొదటిసారి తూకాలాయనకు గుండె మీద బరువు కాస్త దిగింది. “మూట విప్పేసి వచ్చెయ్, టీ పెడతాను. ఈ వైపు అయిపోవచ్చింది, ఈ నాలుగు నిమిషాలూ వినేసి లేస్తాను,” అని మళ్లీ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. పాట వినాలనిపించింది. చాలా రోజుల తర్వాత అలా అనిపించింది. కళ్లు మూసుకున్నాడు.

వెనక గదిలో బావమరిది మూట విప్పడానికి నేలమీద కూర్చున్నాడు. అప్పుడు గోడ కనపడింది. స్టూలు మీద కూర్చుంటే చేయి అందే ఎత్తులో సున్నం మీద చిన్న చిన్న గుంటలు బోలెడు, ఏళ్ల తరబడి కత్తెర మొన పొడిచినవి. అవి అతనికి తెలిసినవే. కాని నేలకు జానెడు ఎత్తులో, స్టూలు నీడ పడేచోట, ఇంకో ఆరు గుంటలు ఉన్నాయి. మూడు ఒకచోట. వాటి పక్కనే ఇంకో మూడు, లోతు తక్కువ. అంత కిందికి కూర్చున్న మనిషి కొట్టదు. పడి ఉన్న మనిషి కొడుతుంది.

అతను చాలాసేపు వాటిని చూశాడు. తర్వాత మిషను మీదున్న కత్తెర తీసుకున్నాడు. ఎందుకు కొట్టాడో అడిగితే చెప్పలేడు. అక్క చేయి ఆగినచోట తన చేయి పెట్టాలనిపించిందేమో. ఆ గుంటల మీదే మూడు దెబ్బలు కొట్టాడు.

గోడ అవతల నుంచి రెండు దెబ్బలు తిరిగి వచ్చాయి.

కత్తెర అక్కడే వదిలేసి, వంటగది దాటుకుని పరుగున వచ్చాడు. తూకాలాయన కుర్చీలోనే ఉన్నాడు. కళ్లు మూసుకునే ఉన్నాడు. చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. కుడిచేయి అరమీద ఉంది. చేతిలో ఇత్తడి రాయి ఉంది.

బావమరిది హెడ్‌ఫోన్లు తీశాడు. “బావా. ఇప్పుడు నువ్వు కొట్టావు.”

“ఏం కొట్టాను?”

“రాయితో. రెండు.”

“లేదే,” అన్నాడు ఆయన. అని తన చేతివైపు చూసుకున్నాడు. చూసుకుని రాయిని మెల్లగా అరమీద పెట్టాడు, వేడి గిన్నె దించినట్టు.

“నేను మూడు కొట్టాను. నీకు వినపడింది.”

“నాకు వినపడలేదురా. నేను పాట వింటున్నాను.”

బావమరిదికి ఎక్కడో అనుమానం తగిలింది. తన చెవికి హెడ్‌ఫోన్లు ఆనించుకుని, జేబులోంచి టెస్టరు తీసి ఆంప్లిఫయరు వెనక గాజుబుడ్డీల్లా ఉన్న వాల్వులను ఒక్కొక్కటే మెల్లగా తట్టాడు. మూడింటికి ఏమీ లేదు. నాలుగోది ణంగ్ మంది, చెంచాతో గాజుగ్లాసు అంచు కొట్టినట్టు. ఆ వాల్వు ముసలిదైంది, మార్చేద్దామని అతనే రెండేళ్ల క్రితం చెప్పాడు. సౌండు తియ్యగా ఉందని బావే వద్దన్నాడు. లోపలి సన్నటి తీగలు వదులైతే వాల్వు అలాగే అవుతుంది. మెత్తటి దెబ్బకు మెదలదు. ఇనుము గోడకు తగిలి, గోడ అరను కుదిపితే అరుస్తుంది, ఆ అరుపు పాటలో కలిసిపోయి వస్తుంది. గతుకుల రోడ్డు అని తాను వేళాకోళం చేసిన దారి ఒకటి నిజంగానే ఉంది. అందరూ కలిసి నవ్వి తీయించేసిన రబ్బరు ముక్కలు ఉండి ఉంటే ఆ దారి మూసుకుపోయేది. అవి లేవు కాబట్టి అక్క కొట్టిన దెబ్బ చేరాల్సిన చోటికి చేరింది.

ఇదంతా అతను చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. కాని అతను మెకానిక్కు, దొరికిన తప్పు దాచుకోవడం చేతకాదు.

ఇద్దరూ టేప్‌రికార్డర్ వైపు చూశారు.

“వద్దు బావా,” అన్నాడు బావమరిది. “ఇప్పుడు విని ఏం చేస్తాం? నేను తీసుకెళ్లిపోతాను.”

“ఉండు,” అన్నాడు తూకాలాయన. వెనక్కి తిప్పి, హెడ్‌ఫోన్ల తీగ పీకేసి, మీట నొక్కాడు. పాట స్పీకర్లలోంచి గదంతా వచ్చింది.

వేణువు మొదలైంది. చాలా మంచి రికార్డింగు. ఒక్క గీత చప్పుడు లేదు, నేల చప్పుడు లేదు. ఆవిడ ఎప్పుడు పడిందో ఆ టేపులో ఎక్కడా లేదు. రాతిపలక దాన్ని మింగేసింది. తొమ్మిది నిమిషాలు పోయాక, రెండు ఊపిరుల మధ్య, సన్నగా వినపడింది. ణంగ్. ణంగ్. ణంగ్.

బావమరిది నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు. ఇంకో నిమిషానికి మళ్లీ మూడు. ఈసారి మరీ సన్నగా, ఒక్కో దెబ్బకూ మధ్య చాలా ఎడం. ఎడమ చేయి కదా. ఎత్తడానికే ఎంత కష్టపడిందో.

ఆ వెంటనే రెండు. గట్టిగా, దగ్గరగా, అరమీద ఇత్తడి.

వస్తున్నా.

ఆయనకు గుర్తు రాలేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. ఇరవై ఏళ్లుగా రోజూ కొట్టిన రెండు దెబ్బలను ఎవరు గుర్తుపెట్టుకుంటారు? చెవి వింది, చేయి జవాబిచ్చింది. మనిషి మాత్రం పాట దగ్గరే ఉండిపోయాడు.

టేపు తిరుగుతూనే ఉంది. ఇంకా పదకొండు నిమిషాల పాట ఉంది. ఇంకో మూడు దెబ్బలు వస్తాయేమోనని ఆయన స్పీకరు దగ్గరికి ముఖం పెట్టి విన్నాడు. రావాలని కోరుకున్నాడు. మళ్లీ కొట్టి ఉంటే, కసురుకుంటూనైనా లేచేవాడినేమో అనుకున్నాడు. వేణువు ఎక్కడా చెదరకుండా చివరిదాకా పాడింది. ముల్లు ఎత్తిన చప్పుడు వచ్చింది. క్యాసెట్టు ఆగిపోయింది.

“అక్క మళ్లీ కొట్టలేదు,” అన్నాడు బావమరిది. గొంతులో కోపం లేదు. ఉంటే ఆయనకు కాస్త సులువుగా ఉండేది. “వస్తున్నానన్నావుగా మరి.”

ఆస్పత్రికి తీసుకెళ్లేదాకా ఆవిడ కళ్లు అడిగింది అదే. ఇన్నాళ్లూ ఆయనకు ప్రశ్న తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

తూకాలాయన లేచాడు. వంటగది దాటుకుని వెనక గదికి నడిచాడు. మునివేళ్ల మీద నడవలేదు. పాదం మొత్తం ఆనించి బరువుగా నడిచాడు, ఆ అడుగులకు గచ్చు అదిరింది. స్టూలు పక్కకు జరిపి, గోడకూ మిషనుకూ మధ్య నేల మీద కూర్చున్నాడు. ఆ ఆరు గుంటలనూ వేలితో ఒక్కొక్కటే తడిమాడు.

“వచ్చానే,” అన్నాడు.